ఓడ ఎక్కే ముందు బార్సిలోనాలో పిల్లలతో: పెద్దమ్మ ఉత్తరం

విజయవాడ

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన, బార్సిలోనాలో చూడాల్సినవాటి లిస్టు చదివాను. మీ పెద్దనాన్నకి కూడా చదివి వినిపించాను. రెండు రోజులకి పదకొండు చోట్లు రాశావు. ఆయన పేపరు కిందికి దించి, "పిల్లల్ని కూడా తీసుకెళ్తున్నారా?" అని అడిగారు. నవ్వొచ్చింది గానీ, మొదటిసారి మేం చేసిందీ అదే. ఫోన్‌లో చెప్తే సగం నీకు వినపడదు, సగం చిన్నదాని ఏడుపులో కలిసిపోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

టికెట్లు ఇంకా తియ్యలేదన్నావు కాబట్టి ముందు ఆ సంగతి. ఓడ బయల్దేరే రోజు పొద్దున దిగే ఫ్లైట్ మాత్రం తీసుకోవద్దు, ఎంత చవగ్గా వచ్చినా సరే. మొదటిసారి మేం అలాగే వెళ్ళాం. మధ్యలో విమానం మారేచోట పరుగులు పెట్టి మేమైతే అందుకున్నాం, పెద్ద పెట్టె అందుకోలేదు. సాయంత్రానికి ఓడ కదిలిపోయింది. పెట్టె మూడోరోజు ఇంకో రేవులో చేతికొచ్చింది. అందాకా మీ పెద్దనాన్న మీ అన్నయ్య చొక్కాలు తొడుక్కుని, పొట్ట దగ్గర బొత్తాం పట్టక, ఓడంతా చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగారు. అది నయం. మనమే ఆలస్యమైతే? మన రైలులా వచ్చే స్టేషన్లో ఎక్కొచ్చులే అనుకోవడానికి లేదు. కాబట్టి ముందుగా వెళ్ళి మూడు రాత్రులు ఉండేట్టు చూసుకో. దిగిన రోజు లెక్కలోకి రాదు. మిగిలేది రెండు రోజులు.

వీసా విషయంలో ఒక్కటే మాట. మీ ఓడ దారిలో టునీషియానో టర్కీనో ఉంటే షెన్‌జెన్ అనే, ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు దాటి బయటికెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చినట్టు లెక్క. మల్టిపుల్ ఎంట్రీ వీసాకే అప్లై చెయ్యండి. సింగిల్ ఎంట్రీ అయితే ఓడ దగ్గరే ఆపేస్తారు. అల్లుడుగారిని దారి ఒకసారి సరిచూడమను.

ఇక అసలు సంగతి నిద్ర. మే నెలలో వాళ్ళ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. ఇక్కడ ఆరున్నరకి లేచే మీ పెద్దాడు అక్కడ తెల్లవారుజామున మూడింటికి కళ్ళు తెరిచి "అమ్మా, ఆకలి" అంటాడు. ఇక్కడ తొమ్మిదిన్నరకి పడుకునే చిన్నది అక్కడ సాయంత్రం ఆరింటికే తూలిపోతుంది. ఆ ఊళ్ళో చూస్తే హోటళ్ళు రాత్రి భోజనానికి తలుపులు తెరిచేదే ఎనిమిదీ ఎనిమిదిన్నరకి! మొదటిసారి మేం ఏడింటి నుంచి మూసిన తలుపుల ముందు తిరిగి, తెరిచాక కూర్చుంటే, ప్లేటు వచ్చేసరికి మనవరాలు బల్ల మీద తల పెట్టి నిద్రపోయింది. పిల్లని భుజాన వేసుకుని మీ వదిన, ప్లేట్లు పొట్లం కట్టించుకుని నేను, ఏడుపు మొహాలతో రూముకొచ్చాం.

రెండోసారికి తెలివొచ్చింది. అసలు భోజనం మధ్యాహ్నమే కానిచ్చేయాలి. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా అక్కడి వాళ్ళు కూడా కడుపునిండా తినేది అప్పుడే. మామూలు రోజుల్లో 'మెనూ దెల్ దియా' అని చాలాచోట్ల బోర్డు ఉంటుంది. రెండు వంటకాలు, రొట్టె, చివర ఏదో తీపి, అన్నీ కలిపి ఒకే ధర. మన భోజనం హోటలు లాంటిదే అనుకో. మీరు మాంసం ముట్టరు కాబట్టి జాగ్రత్త. 'మాంసం వద్దు' అంటే సరిపోదు, సలాడ్ మీద ట్యూనా చేప చల్లి తెస్తారు, పంది మాంసపు సన్నటి ముక్కలు మాంసం కిందికే రావనుకునే మహానుభావులూ ఉన్నారు. 'నీ కార్నే, నీ పెస్కాదో, నీ హమోన్' అని మూడూ వరసగా చెప్పాలి. మా మనవడు దాన్ని పాటలా పాడేవాడు. తోర్తియా అంటే గుడ్లతో, బంగాళాదుంపతో చేసే మందపాటి అట్టు, మీ అత్తగారికి పనికిరాదు. కాల్చిన రొట్టె మీద పండిన టమాటా రుద్ది, నూనె, ఉప్పు వేసి ఇస్తారు, 'పా అంబ్ తుమాకెట్' అంటారు. అది ఎక్కడైనా దొరుకుతుంది, పిల్లలు మారాం చెయ్యకుండా తింటారు.

రాత్రికి పెరుగన్నమే దిక్కు. అందుకే హోటలు గది కాదు, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్ చూడమంటున్నా. ఎషాంప్లా అనే పేటలో తీసుకుంటే మెట్రో దగ్గర, వీధులు వెడల్పు, పిల్లల బండి సాఫీగా వెళ్తుంది. లా రాంబ్లా అనే పెద్ద వీధి మీద మాత్రం వద్దు, రాత్రంతా సందడే. సూపర్ మార్కెట్లో దొరికే పొట్టి బియ్యం కాస్త ఎక్కువ నీళ్ళు పోస్తే మెత్తగా ఉడుకుతుంది, పెరుగన్నానికి అదే బాగుంటుంది. పెరుగు కొనేటప్పుడు కళ్ళజోడు పెట్టుకో. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'నాతురాల్' అని ఉంటే మామూలు పెరుగే కదా అని తెచ్చాను. దాని కిందే చిన్న అక్షరాలతో 'అథుకరాదో' అని ఉంది, అంటే పంచదార వేసినది. ఉప్పు వేసి, ఆవాలు, మిరపకాయ పోపు పెట్టి, అంతా కలిపాక ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే పాయసానికీ పులుసుకీ మధ్యలో ఏదో! మీ పెద్దనాన్న మాట్లాడకుండా తినేశారు, అది ఆయన మంచితనం. పప్పులు, మిరపకాయలు కావాలంటే రాంబ్లాకి పక్కనే రవాల్ అనే పేట ఉంది, పంజాబీ, బంగ్లాదేశీ కొట్లు వరసగా ఉంటాయి. ఇక్కణ్ణుంచి నెయ్యి, పాలకోవా మొయ్యకు. బయటి దేశాల పాల సరుకుని యూరప్‌లోకి రానివ్వరు.

చూడాల్సినవాటికి వస్తే, ఒక పూటకి ఒక్కటి. మిగతా పూట పార్కు, నిద్ర.

దిగిన రోజు టికెట్ కొనేదేదీ పెట్టుకోకు. పిల్లల్ని సాయంత్రం ఏడింటిదాకా మేలుకొలిపి ఉంచడమే పని. పసేజ్ దె గ్రాసియా వీధికి తీసుకెళ్ళు. అక్కడ కాలిబాట మీద పలకలు ఆరు మూలలవి, గౌదీ అనే పేరున్న వాస్తుశిల్పి గీసినవి. వాటి మీద ఆక్టోపస్, నక్షత్రచేప లాంటి సముద్రపు ఆకారాలు చెక్కి ఉంటాయి. మా పిల్లలు ఆక్టోపస్ ఉన్నచోటే కాలు పెట్టాలని తొక్కుడుబిళ్ళ ఆడుతూ వీధి చివరిదాకా నడిచారు. పక్కనే ఒక పాత ఇంటిని ఆయన కొత్తగా మలిచిన కాసా బాత్యో ఉంది, బయట నిలబడి చూస్తే చాలు. లోపలికి టికెట్ ఖరీదెక్కువ, నాలుగేళ్ళ పిల్లకి అది ఇంకో ఇల్లు, అంతే. నువ్వు తిట్టుకున్నా సరే, నేనైతే లిస్టులోంచి కొట్టేశాను.

మర్నాడు పొద్దున సగ్రాదా ఫామిలియా అనే పెద్ద చర్చి. ఎలాగూ మూడింటికే లేస్తారు కాబట్టి తొమ్మిది గంటల టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసిపెట్టుకో. అక్కడికెళ్ళి కొందామంటే కుదరదు. పదకొండేళ్ళలోపు పిల్లలకి ఉచితం, కానీ వాళ్ళ పేరుమీద కూడా టికెట్ ఉండాలి. గోపురాలు ఎక్కే టికెట్ వద్దు, ఆరేళ్ళలోపు పిల్లల్ని పైకి పంపరు. మీ చిన్నదానితో ఒకరు కిందే ఉండిపోవాలి.

ఈ గుడి గురించి పిల్లలకి ముందే రాత్రి కథలా చెప్పు. 1882లో మొదలైంది. మరుసటేడు గౌదీ చేతికొచ్చింది. 1926లో ట్రామ్ ఢీకొట్టి పడిపోతే, మాసిన బట్టలు చూసి ఎవరో బిచ్చగాడనుకున్నారట. మూడో రోజున పోయాడు. ఆయన్ని ఆ గుడి కిందే సమాధి చేశారు. నడిమి గోపురం 172.5 మీటర్లు. ఆ ఊళ్ళోని మోంజుయిక్ కొండని మించకూడదని, దేవుడు చేసినదానికంటే మనిషి చేసినది ఎత్తుగా ఉండకూడదని ఆయన పట్టు. మా మనవడికి ఆ మాట బాగా నచ్చింది, ఇప్పటికీ అపార్ట్‌మెంట్లు చూస్తే "ఇది కొండ కంటే ఎత్తా?" అంటాడు.

తూర్పువైపు ద్వారం దగ్గర రెండు స్తంభాలనీ అడుగున తాబేళ్ళు మోస్తుంటాయి. సముద్రంవైపు ఉన్నదానికి ఈదే రెక్కలు, కొండవైపు ఉన్నదానికి నడిచే కాళ్ళు. ఏది ఏదో పిల్లల్నే కనిపెట్టమను, నువ్వు నోరు విప్పకు. మన గుళ్ళో ధ్వజస్తంభం దగ్గర కూర్మాన్ని చూసిన పిల్లలే కదా, మా మనవరాలు దణ్ణం పెట్టేసింది. లోపల స్తంభాలు చెట్ల మానుల్లా లేచి పైన కొమ్మలుగా విడిపోతాయి. పొద్దున ఎండ తూర్పు అద్దాల్లోంచి నీలంగా, పచ్చగా నేల మీద పడుతుంది. మా మనవరాలు ఆ రంగుల్లో చేతులు పెట్టి, "నానమ్మా, నా చెయ్యి నీలం" అని అరిస్తే, అందరూ నెమ్మదిగా ఉండే చోట అది గుడంతా వినపడింది. ఎవరూ ఏమీ అనలేదు.

పడమటి ద్వారం దగ్గర గోడమీద నాలుగు గళ్ళ వరసలో అంకెలు చెక్కి ఉంటాయి. అడ్డంగా కూడినా నిలువుగా కూడినా 33 వస్తుంది. క్రీస్తు అన్నేళ్ళు బతికాడని చెప్తారు కదా, అందుకు. పై వరస 1, 14, 14, 4. పెద్దాడికి చిన్న పుస్తకం, పెన్సిల్ ఇచ్చి అక్కడ వదిలెయ్యి, నీకు పది నిమిషాలు కూర్చునే తీరిక దొరుకుతుంది. బయటికొచ్చాక తూర్పు ద్వారానికి ఎదురుగా గౌదీ పేరున చిన్న చెరువున్న పార్కు ఉంది. అక్కడి జారుడుబల్ల దగ్గర మా వాళ్ళు గుడిలో కంటే ఎక్కువసేపు ఉన్నారు. ఉండనియ్యి.

ఆ సాయంత్రం నిద్రలేచాక సియుతాదెయ్యా పార్కు. రాతి ఏనుగులాంటి మామత్ ఉంది, తొండం దగ్గర ఫోటో. పడవలు అద్దెకిస్తారు. చాలు.

రెండో రోజు పొద్దున నీ లిస్టులో పార్క్ గూయెల్ ఉంది. బల్లి బొమ్మ ముద్దుగా ఉంటుంది, కానీ మెట్రో దిగాక ఎక్కుడు దారి, పిల్లల బండి తోసేది మీరే. దాని బదులు మోంజుయిక్ వెళ్ళండి. పారలెల్ స్టేషన్ నుంచి కొండపైకి ఫ్యునిక్యులర్, అంటే తాడుతో లాగే కొండరైలు ఉంది, మెట్రో టికెట్టే చెల్లుతుంది. అక్కడి నుంచి గాల్లో వేలాడే బండిలో కోటకి. కోట గోడమీంచి చూస్తే రేవంతా అగ్గిపెట్టెల్లా, కంటైనర్లు, క్రేన్లు, వరసగా తెల్లటి ఓడలు. మీ ఓడ బహుశా మర్నాడు పొద్దునే వస్తుంది గానీ, అలాంటివి నాలుగైతే కనిపిస్తాయి. "రేపు మనం ఎక్కేది అంత పెద్దదా?" అని మా వాళ్ళు ఆ రాత్రి నిద్రపోలేదు. పైన గాలి జోరుగా ఉంటుంది. మనకి రోహిణి కార్తె కదా అని స్వెట్టర్లు మానెయ్యకు.

మెట్రోలో నాలుగేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు. 'తీ-కాజువల్' కార్డు ఒకరికే, నలుగురు పంచుకోకూడదు. 'తీ-ఫమిలియార్' కార్డులో ఎనిమిది ప్రయాణాలు ఉంటాయి, అది అందరూ వాడొచ్చు.

దొంగల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం ఎందుకు! రాంబ్లా దగ్గర మీ పెద్దనాన్న భుజం మీద ఏదో తెల్లగా పడింది. ఒక పెద్దమనిషి వచ్చి "పావురం, పావురం" అంటూ తన రుమాలుతోనే తుడిచాడు. ఎంత మర్యాదస్థుడో అనుకున్నాం. పర్సు లేదని ఐస్‌క్రీం కొనేదగ్గర తెలిసింది. మీద ఏదైనా పడితే తుడుచుకోకుండా పక్క కొట్లోకి నడిచెయ్యండి. పాస్‌పోర్టులు అందరివీ ఒకేచోట, నడుముకి కట్టుకునే సంచిలో, బట్టల లోపల. డబ్బు పోతే పోయింది, పాస్‌పోర్టు పోతే ఓడ ఎక్కనివ్వరు.

ఓడ రోజు ఎక్కడికీ వెళ్ళొద్దు. టికెట్ మీద టెర్మినల్ అక్షరం ఉంటుంది, ఎ, బి, సి అలా. పెద్ద ఓడలు ఎక్కువగా ఉండేది మోల్ అదొస్సాత్ అనే పొడవాటి గట్టు మీద. టాక్సీ అతనికి 'పోర్ట్' అని చెప్తే పాత రేవులో దింపొచ్చు, ఆ కాగితమే చూపించు. పదకొండున్నర, పన్నెండుకల్లా చేరితే మధ్యాహ్నం భోజనం ఓడలోనే. పెద్ద పెట్టెలు గుమ్మం దగ్గరే తీసుకుని సాయంత్రం ఎప్పటికో గదికి పంపుతారు. మందులు, ఒక జత బట్టలు, పిల్లల ఈత బట్టలు చేతిసంచిలో పెట్టుకో. ఎక్కీ ఎక్కగానే కొలను కనబడుతుంది, ఆపలేవు. శాకాహారం, వెల్లుల్లి లేకుండా కావాలంటే బుక్ చేసేటప్పుడే రాయించు.

ఇంకొకటి. చిన్న రైస్ కుక్కర్ కొన్నానని మురిసిపోతూ ఫోటో పెట్టావు. కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె, వేడెక్కేవేవీ ఓడలోకి రానివ్వరు, మంటలు పుడతాయని. మాది ఎక్స్‌రేలో చూసి తీసుకుని చీటీ ఇచ్చారు, ఆఖరి రోజు దాన్ని తీసుకోవడానికి ఒక గంట లైన్లో నిలబడ్డాం, మా ముందున్న వాళ్ళదీ కుక్కరే, వాళ్ళదీ గుంటూరే. నీది మీ అమ్మ దగ్గర వదిలెయ్యి. గిన్నెలో అన్నం వార్చడం మర్చిపోయుంటే వెళ్ళేలోపు ఒకసారి ఇక్కడికి రా, చూపిస్తాను.

ఉంటాను,
పెద్దమ్మ