వృద్ధాశ్రమానికి ఏ ఫ్లోరింగ్ మంచిది? ఇల్లంతా ఒకే టైల్ వేయొచ్చా?

మీరు విశాఖ మధురవాడలో పాత జీ ప్లస్ వన్ (కింద ఒకటి, పైన ఒకటి అంతస్తు) ఇల్లు తీసుకుని 20 మంది పెద్దవాళ్లకు ఆశ్రమంగా మారుస్తున్నామన్నారు. ఓనరుగారేమో ఇల్లంతా గ్లాసీ విట్రిఫైడే, అదీ 2 బై 4 అడుగుల సైజు వేద్దామంటున్నారన్నారు. గ్లాసీ వద్దండి. అంతటా ఒకటే అన్నది అంతకన్నా వద్దు.

షోరూములో చెప్పులేసుకుని పొడి టైల్ మీద నిలబడితే ఏదీ జారదు. శాంపిల్ ముక్క ఇంటికి తెచ్చి తడపండి, రెండు చుక్కల కొబ్బరినూనె, చిటికెడు పౌడరు వేసి ఉత్తకాలితో రుద్ది చూడండి, గోడ పట్టుకునే సుమా. తలకు నూనె, స్నానం కాగానే ఒంటికి పౌడరు: పెద్దవాళ్ల గదుల్లో నేల మీద రోజూ పడేవి ఇవే.

టైల్ వివరాల్లో ఆర్ 10, ఆర్ 11 అని రాసి ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ జారకుండా పట్టు ఎక్కువ. అది బూట్లతో, నూనె పోసిన ఏటవాలు మీద నడిచి తేల్చే లెక్క. ఉత్తకాళ్లకు ఏ, బీ, సీ అని వేరే తరగతులున్నాయి. బాత్రూముకు బీకి తగ్గకుండా అడగండి, గదుల్లో టైలే వేస్తే ఆర్ 10 మ్యాట్ (మెరుపు లేనిది) చాలు. జాగ్రత్త కదా అని గదుల్లో ఆర్ 12 వేస్తే కాళ్లీడ్చి నడిచేవాళ్ల పాదం ఆ గరుకుకు పట్టేసి ముందుకు తూలతారు. మురికి కూడా ఓ పట్టాన వదలదు.

డబ్బు ముందు బాత్రూముల మీద పెట్టండి. 300 బై 300 మి.మీ. మ్యాట్ టైల్, 3 మి.మీ. సందు, ఆ సందులో నింపడానికి ఎపాక్సీ గ్రౌట్. పెద్ద టైల్ నాలుగు వైపుల నుంచీ జాలీ (నీళ్లు పోయే రంధ్రం) వైపు వాటం (నీళ్లు పారే వాలు) తిరగదు, నీళ్లు మధ్యలో నిలుస్తాయి. వాటం అడుగుకు 5 మి.మీ., అంటే ఆరడుగులకు 30. మన వైపు తలుపు దగ్గర రెండంగుళాల గ్రానైట్ గట్టు పెట్టడం అలవాటు. వీల్‌చైర్ అక్కడే ఆగిపోతుంది, కాలూ తగులుతుంది. పాత బాత్రూము నేల గదికంటే దిగి ఉంటే పని తేలిక: గట్టు తీసేసి, తలుపు దగ్గర గది లెవెల్‌కు పెంచి, అక్కడి నుంచి వాటం ఇవ్వండి. ఎత్తు తేడా తప్పకపోతే 12 మి.మీ. దాటకూడదు, అంచు ఏటవాలుగా చెక్కాలి. మేస్త్రీకి డబ్బు ముట్టజెప్పేముందు ఓ బకెట్ నీళ్లు కుమ్మరించి పది నిమిషాలాగి చూడండి.

గదులకు నాకు నచ్చేది 2 మి.మీ. వినైల్ షీటే (రోల్‌గా వచ్చే ప్లాస్టిక్ నేల). మూత్రం ఇంకే సందులుండవు, చలికాలం పాదాలకు చల్లగా తగలదు. అయితే విశాఖ తేమకు, అందులోనూ పాత ఇంటి కింది అంతస్తులో, అడుగు చెమ్మ జిగురును వదిలించేస్తుంది, షీటు బుడగలెత్తుతుంది. ముందు మీటరు చదరపు పాలిథిన్ షీటు నేల మీద పరిచి, నాలుగంచులూ టేపేసి ఒక రోజంతా ఉంచండి. తీసినప్పుడు లోపల నీటి చుక్కలున్నా, సిమెంటు నల్లబడినా కింది అంతస్తులో వినైల్ మాట మర్చిపోండి. అక్కడ 600 బై 600 మ్యాట్ విట్రిఫైడ్, పై అంతస్తులో వినైల్. వినైల్ కోసం కొత్తగా సిమెంటు నేల చేయిస్తే 50 మి.మీ. మందం ఆరడానికి 50 రోజులు తక్కువ లెక్క, వానాకాలంలో ఇంకా ఎక్కువ.

వినైల్ షీటును గోడ మీదికి 100 మి.మీ. వంపు తిప్పి ఎక్కించాలి, మూలలో తడి చేరదు. రెండు షీట్ల మధ్య సందును గాడి కోసి, వేడిగాలి గన్‌తో వినైల్ తీగ కరిగించి అతుకుతారు. తీగను వేడి మీద సగం వరకే కోయాలి, పూర్తిగా చల్లారాక మిగతాది. తొందరపడి వేడి మీదే సాపు చేస్తే చల్లారేసరికి అతుకు గుంటపడుతుంది, ఆర్నెల్లలో అక్కడ నల్ల గీత తేలుతుంది. ఆ పని జరిగేటప్పుడు దగ్గరుండండి.

రంగుల్లో ఒకటే మాట: గుమ్మం దగ్గర నల్ల బోర్డరు, నలుపు తెలుపు గళ్లు వద్దు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు నల్లపట్టీ గొయ్యిలా కనబడి అక్కడే ఆగిపోతారు. గోడ, నేల ఒకే రంగులో కలిసిపోకూడదు.

వరండాలో సముద్రపు గాలికి జల్లు లోపలికి కొడుతుంది కాబట్టి ఫ్లేమ్డ్ గ్రానైట్ (మంటతో కాల్చి గరుకు చేసింది) వేసి, బయటికి వాటం ఇవ్వండి. వీధి గుమ్మానికి గడప ఉండాల్సిందే అంటే గ్రానైట్ గడపను నేల మట్టానికి దించి, పసుపు కుంకుమలు దానికే పెట్టుకోవచ్చు. ముగ్గు మాత్రం నడిచే దారికి పక్కన. రాతిపిండి కాలికింద ఇసుకలా జారుతుంది.

తుడిచే మనిషికి యాసిడ్ ఇవ్వకండి, సిమెంటు గ్రౌట్‌ను తినేస్తుంది. ఫినాయిల్ ఎక్కువైతే జిడ్డు పొర మిగిలి మ్యాట్ టైల్ కూడా జారుతుంది. కొద్దిగా సబ్బు నీళ్లు, ఆపైన వేరే బకెట్లో మంచినీళ్లు. వినైల్ మీద రబ్బరు అడుగున్న పట్టాలు వేయొద్దు, పసుపు మచ్చ దిగితే ఇక పోదు.

లెక్కకు: 12 బై 15 అడుగుల గదికి 2 మీటర్ల వెడల్పు షీటు 4.9 మీటర్ల చొప్పున రెండు ముక్కలు, వంపుతో కలిపే. 20 మీటర్ల రోల్‌తో రెండు గదులవుతాయి. చివర 40 సెంటీమీటర్ల ముక్క మిగులుతుంది, దాన్ని పారేయనివ్వకండి. రేపు మంచం కోడు గీసుకుపోయిన చోట అతుకు వేయడానికి అదే షేడ్ మళ్లీ దొరకదు.