బందరు రిజిస్టర్ల దగ్గరికి వెళ్లే ముందు

గుడివాడ

అమ్మడూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నువ్వు వచ్చే నెల బందరు వెళ్లి నోబుల్ కాలేజీ పాత కాగితాలు చూస్తావట, ఆ తర్వాత వీసా వస్తే ఇంగ్లండు కూడా వెళ్తావట. అంతా చెప్పి, "నువ్వైనా చెప్పక్కా, దుమ్ములో కూర్చుంటే దానికి ఆయాసం వస్తుంది" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో రిజిస్టర్ల దుమ్ము పీల్చే పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నాను. నీకూ పట్టిందంటే ఎంత సంతోషమైందో, అంత భయమూ వేసింది. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చెబితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, వినవు.

వచ్చే నెలంటే నవంబరు. ముందు అదే నాకు నచ్చలేదు. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే ఆ రోజు కదలకు. అపాయింట్‌మెంట్ పోతే మళ్లీ దొరుకుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మేము కొందరం బట్టలూ బియ్యమూ పట్టుకుని దివిసీమ వైపు వెళ్లాం. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఒక బడి అరుగు మీద హాజరుపట్టీలు ఎండకు పరిచి ఉన్నాయి. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒక మాస్టారు మెల్లగా విడదీస్తుంటే, ఈ పేజీ సిరా ఆ పేజీ మీద తిరగబడి అచ్చుపడి ఉంది. ఆయన ఒక్కొక్క పేరూ చదువుతూ, కొన్ని పేర్ల దగ్గర ఆగిపోయేవాడు. ఎందుకు ఆగుతున్నాడో మేము అడగలేదు. ఎండకు పెట్టిన ఆ కాగితాలను చూశాకే నాకు ఈ చదువు మీద మనసు పడిందేమో అనిపిస్తుంది.

బందరుకు అంతకు ముందూ ఇలాంటి రాత్రి ఉంది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు ముప్పై వేలమంది పోయారు. నోబుల్ దొర అప్పటికి ఊళ్లోనే ఉన్నాడు, మరుసటి ఏడు పోయాడు. 1843లో ఈ కాలేజీకి మొదలైన బడి పెట్టిన మనిషి చివరికి చూసింది ఆ ఊరి శవాలను. కాబట్టి అమ్మడూ, ఆ తారీఖుకు ముందు కాగితం ఏది కనిపించినా అది నీళ్లు దాటి మిగిలిందని గుర్తు పెట్టుకుని ముట్టుకో. బీరువా తెరవగానే "అయ్యో, తొలి ఇరవై ఏళ్లవి లేవే" అని గుమస్తా మీద చిరాకు పడకు.

ఆ లోటు తీర్చేవి ఇంగ్లండులో ఉన్నాయి. నోబుల్‌ని ఇక్కడికి పంపిన ఇంగ్లండు క్రైస్తవ సంఘం చర్చ్ మిషనరీ సొసైటీ. దానికి ఇక్కడివాళ్లు రాసిన ఉత్తరాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో క్యాడ్‌బరీ రీసెర్చ్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. నోబులూ, ఆయన తోటి మిషనరీ ఫాక్సూ 1841లో వచ్చిన దగ్గరనుంచి తెలుగు మిషన్ సంగతులు దక్షిణ భారత మిషన్ కాగితాల్లో వెతుక్కో. కేటలాగులో "మచిలీపట్నం" అని మాత్రమే కొడితే చాలదు. మసూలీపటం, మసూలీపట్నం, బందరు, ఇలా ఎన్ని రకాలుగా రాశారో అన్ని రకాలుగానూ వెతుకు. ఒక్కటి మాత్రం మరిచిపోకు. ఆ ఉత్తరాలు చందాలు ఇచ్చేవాళ్లు చదువుతారని తెలిసి రాసినవి. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవ మతం పుచ్చుకుంటే బడి దాదాపు ఖాళీ అయిపోయింది. అది వాళ్ల ఉత్తరాల్లో విజయంలా ఉంటుంది. ఆ పిల్లల తల్లులు ఆ రాత్రి ఎలా ఏడ్చారో ఆ కట్టల్లో ఉండదు. అలాగే, మొదట్లో ఆ బడి పైకులాల పిల్లల కోసమే నడిచింది. మాలపల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి అందులో చోటు లేదు. రిజిస్టరులో ఎక్కని ఆ పిల్లలకు కూడా నీ థీసిస్‌లో ఒక పేజీ ఇవ్వాలి. ఇవ్వకపోతే నేను ఒప్పుకోను.

మిగతావి చప్పున చెబుతాను. ప్రిన్సిపాలుగారికి మీ గైడు ఉత్తరం జతచేసి కనీసం పదిహేను రోజుల ముందు రాయి, వెళ్లే ముందు రోజు ఫోన్ చెయ్యి. పెన్ను సంచిలోనే ఉంచు, పెన్సిలే వాడు. ఫోటోకి అడిగి అనుమతి తీసుకో, ఫ్లాష్ వెయ్యకు. ముందు అట్ట, తర్వాత పేజీ నంబరు, ఆ తర్వాతే పేజీ. వేలు నాలుక్కి తడిపి పేజీ తిప్పావంటే నా కూతురివి కావు. చెదలు తిన్న పేజీ అప్పడంలా ఉంటుంది, కింద అట్ట పెట్టి రెండు చేతులతో తిప్పు. తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో ఆఫీసు ఫైలు కంటే అటెండరుకే బాగా తెలుసు. ఆయన్ని "ఏవండీ" అని పిలువు, భోజనం వేళ అడ్డం రాకు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా మన కాలేజీలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉన్నాయి కాబట్టి, ఎవరు బి.ఏ. ప్యాసయ్యారో మద్రాసు వాళ్ల క్యాలెండర్లలో సరిచూసుకో. పుట్టిన తేదీలు నమ్మకు. పేజీలో సగంమందికి జూలై 1 కనిపిస్తే పిల్లలంతా ఒకే రోజు పుట్టారని కాదు, బళ్లో చేర్పించినవాళ్లు నోటికొచ్చిన తేదీ వేయించారని.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక కాలేజీవాళ్లు ప్రత్యేక సంచిక వేస్తూ నన్ను పాత విద్యార్థుల మీద వ్యాసం రాయమన్నారు. ఏ కాలేజీ అన్నది వద్దు. హెడ్ క్లర్కు రెండు గంటలు టైమిచ్చాడు. వెళ్లేసరికి కరెంటు లేదు. కిటికీ దగ్గర బల్ల మీద పెద్ద అడ్మిషన్ రిజిస్టరు పరిచాడు. చాప అంత వెడల్పు. ఎడమ పేజీలో వరస నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, కులం. కుడి పేజీలో పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ, చివర రిమార్కులు. ఒక్కొక్క మనిషి వరస రెండు పేజీల మీద పారుతుంది.

ఆ ఊళ్లో ఒక పేరున్న మాస్టారు ఉండేవారు. అప్పటికి పోయి చాలా ఏళ్లయింది. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో చేరడానికి చదువు మానేశారని అందరూ చెప్పుకునేవారు. ఆయన ఇంటిపేరు, పేరు, ఊరు రిజిస్టరులో కనిపించాయి. వేలు పెట్టి కుడి పేజీకి జరిపాను. రిమార్కుల గడిలో, పరీక్షలో కాపీ కొట్టినందుకు తీసేశామని ఇంగ్లీషులో ఉంది. నా గుండె ఝల్లుమంది. బాధతో అనుకునేవు, కాదు. దొరికింది కదా అని సంతోషం. పేరు, సంవత్సరం, రిమార్కు, ఈ మూడే రాసుకున్నాను. తండ్రి పేరు రాసుకోలేదు. వ్యాసంలో "ఊరు చెప్పుకునేది ఒకటి, రికార్డు చెప్పేది ఒకటి" అని గొప్పగా రాశాను. నలుగురూ మెచ్చుకున్నారు కూడా.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నలభై దాటిన ఆవిడ మా ఇంటికి వచ్చింది. నేత చీర, చేతిలో గుడ్డసంచి. మంచినీళ్లు తాగి, సంచిలోంచి ఆ సంచికా, నాలుగు మడతలు పెట్టిన కాగితమూ తీసి బల్ల మీద పెట్టింది. మాస్టారి కూతురు. ఆ కాగితం ఆయన టీసీ. మడతల దగ్గర చిరిగితే వెనక బియ్యపు జిగురుతో పల్చటి గుడ్డ అంటించి ఉంది. తండ్రి పేరున్న చోట వేలు ఆనించి, "మా ముత్తాతగారి పేరే నాన్నకీ, మా పెదతాతగారి అబ్బాయికీ పెట్టారమ్మా. ఇద్దరూ ఒకే ఏడు చేరారు" అంది. మానేసిన తేదీ 1930 ఏప్రిల్.

మర్నాడే పరిగెత్తాను. అదే రిజిస్టరు, అదే పేజీ. మొదటి పేరుకి పదకొండు వరసల కింద రెండో పేరు ఉంది. ఇంటిపేరొకటే, పేరొకటే, ఊరొకటే. తండ్రులు వేరు. ఆయన రిమార్కుల గడి ఖాళీగా ఉంది. తాత పేరు మనవడికి పెట్టే ఊళ్లోనే పుట్టి పెరిగిన దాన్ని, నాకు తట్టలేదు. మొదటి పేరు దొరకగానే నా కళ్లు ఆగిపోయాయి.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇప్పుడిది ఎవరు దిద్దుతారమ్మా?" అని మాత్రం అడిగింది. సవరణ రాసి ఇచ్చాను. మళ్లీ సంచిక రాలేదు. నా డబ్బుతో చిన్న చీటీలు అచ్చువేయించి, ఎవరి దగ్గర సంచిక ఉందంటే వాళ్లింటికి వెళ్లి ఆ పేజీలో అంటించి వచ్చాను. నలభై మూడు ప్రతులు దొరికాయి. మిగతావి ఇంకా ఎక్కడో ఉన్నాయి. ఆ చీటీ రాసేటప్పుడు ఇంకో సంకటం వచ్చింది. "కాపీ కొట్టింది ఈయన కాదు, ఆయన" అని రాయాలా? ఆ పిల్లవాడికీ మనవలు ఉంటారు కదా. పందొమ్మిదేళ్ల వయసులో చేసిన పనికి వాళ్లెందుకు తల వంచుకోవాలి? అందుకని మాస్టారు 1930 ఏప్రిల్‌లో చదువు మానేశారని, ముందు రాసింది నా పొరపాటని మాత్రమే రాశాను. మీ పెదనాన్న ఆ చీటీ చదివి, "ఇంతకంటే బాగా నువ్వు ఎప్పుడూ రాయలేదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

అప్పట్నుంచీ నేను ఏ రిజిస్టరు చూసినా వరస మొత్తం రాసుకుంటాను, ఖాళీ గడి ఉంటే ఖాళీ అని కూడా. ఆ పేరు మళ్లీ ఉందేమోనని పేజీ చివరిదాకా, ముందు ఏడూ వెనక ఏడూ చూస్తాను. నువ్వు ఫోన్‌తో ఫోటో తీస్తావు, అన్నీ వచ్చేస్తాయి అనుకుంటావు. రెండు పేజీలూ ఒక ఫోటోలో పట్టకపోతే ఎడమది ఒకటి, కుడిది ఒకటి తీస్తావు, ఇంటికొచ్చాక రెండూ కలిపేటప్పుడు ఒక వరస కిందికి జారుతుంది. అంతే, ఒకరి తప్పు ఇంకొకరి నెత్తిన పడుతుంది. అక్కడే కూర్చుని, చేత్తో రాసుకో. తొందరపడకు. ఆలస్యమైతే ఇంకో రోజు ఉండు, బస ఖర్చు నేనిస్తాను.

బెజవాడ నుంచి బందరు బండి గుడివాడ మీదుగానే కదా వెళ్తుంది. కిటికీ పక్క సీటులో కూర్చో. నేను ప్లాట్‌ఫారం మీద ఉంటాను. క్యారియర్లో పులిహోర పెడతాను, నీ ఇన్‌హేలర్ సంచి పై అరలో ఉందో లేదో చూస్తాను. ఇంకా ఒక అట్టముక్క ఇస్తాను. మూరెడు పొడవు, తెల్లటిది, ఒక మూల సిరా మరక ఉంటుంది. ఆ మాస్టారి కూతురు వచ్చి వెళ్లిన సాయంత్రం కత్తిరించాను. వరస కింద పెట్టుకుంటే కన్ను జారదు.

మీ పెద్దమ్మ