గణిత లెక్కల సాఫ్ట్‌వేర్ ఆక్టేవ్‌లో, అక్షరాలతో బీజగణితం చేసే సింబాలిక్ ప్యాకేజీ వేసినా ‘సిమ్స్ ఎక్స్’ (ఎక్స్‌ను చలరాశిగా ప్రకటించే ఆదేశం) పనిచేయడం లేదు, ఎందుకు?

ఇన్‌స్టాల్ చేయడం వేరు, లోడ్ చేయడం వేరు. ‘పికెజి ఇన్‌స్టాల్ -ఫోర్జ్ సింబాలిక్’ ఒక్కసారి చాలు. ‘పికెజి లోడ్ సింబాలిక్’ మాత్రం ఆక్టేవ్ తెరిచిన ప్రతిసారీ ఇవ్వాలి. ‘పికెజి లిస్ట్’లో పేరు పక్కన నక్షత్రం గుర్తుంటే లోడ్ అయినట్టే.

లోడయ్యాక కూడా ఎర్రర్ వస్తే పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) వైపు చూడండి. సింబాలిక్ తరఫున బీజగణితం పనంతా చేసేది పైథాన్‌లోని సింపై లైబ్రరీయే. కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉండి, సింపై ఒకదాంట్లో ఉంటే, ఆక్టేవ్ రెండోదాన్ని పిలుస్తూ ఉండొచ్చు. ‘సింప్రెఫ్ డయాగ్నోజ్’ కొడితే ఆక్టేవ్ ఏ పైథాన్‌ను వాడుతోందో తెలుస్తుంది. సింపైని సరిగ్గా అందులోనే వేయండి.

అప్‌డేట్‌కు ‘పికెజి అప్‌డేట్ సింబాలిక్’ ఇచ్చి, ఆక్టేవ్‌ను మూసి మళ్లీ తెరవండి. లేకపోతే ఆ సెషన్‌లో పాత వెర్షనే నడుస్తుండవచ్చు. ఆక్టేవ్‌నే కొత్త వెర్షన్‌కు మార్చితే, సి++ కోడ్ ఉన్న ప్యాకేజీలను మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడం మంచిది.