పాలు కక్కితే గుండెకు ముప్పా?

ప్రశ్న: మాది పరకాల దగ్గరి పల్లె. మా బాబుకు మూడు నెలలు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 5.4 కిలోలు. రొమ్ముపాలు తాగిన ప్రతిసారీ విరిగిన పాలు కక్కుతాడు. పోయిన వారం కక్కుతూ ఉక్కిరిబిక్కిరై, కొన్ని క్షణాలు ముఖం పాలిపోయింది. ఆ పులుపు గుండెకు పాకుతుందని మా అత్తమ్మ భయం. పక్కింటివారిచ్చిన వాంతుల చుక్కల మందు వేయవచ్చా?

జవాబు: అమ్మా, మన భాషలో ఈ బాధను ‘గుండెలో మంట’ అంటాం కనుక మీ అత్తమ్మకు ఆ భయం కలగడం సహజమే. కానీ మండేది గుండె కాదు, దాని వెనుకగా దిగే అన్నవాహిక. దాని అడుగున ఉండే కండరపు బిగువు పసిపిల్లల్లో ఇంకా కుదురుకోనందున పాలు పైకి ఎగదన్నుతాయి. నాలుగో నెలలో ఎక్కువగా కనిపించే ఈ కక్కులు ఏడాది దాటేసరికి చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. మీ బాబు బరువు చక్కగా పెరుగుతున్నాడు, అది మంచి గుర్తు.

పాలు గొంతుకు అడ్డుపడినప్పుడు, మెదడు నుంచి గుండెకు, పొట్టకు వెళ్లే వేగస్ నాడి స్పందించి గుండె వేగం కాసేపు తగ్గవచ్చు. నెలలు నిండక పుట్టినవారిలో ఇది ఎక్కువ. దీనివల్ల గుండె దెబ్బతినదు. అయినా ముఖం పాలిపోయిన బిడ్డను ఆ రోజే డాక్టరుకు చూపించాల్సింది; ఇంకా చూపకపోతే ఈ రోజే తీసుకెళ్లండి.

నన్ను కలవరపెట్టేది మరొకటి: పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న బిడ్డ ఇబ్బందిని కూడా ఇంట్లో ‘కక్కులే’ అని సరిపెట్టుకుంటారు. పాలు తాగుతుండగా నుదుట చెమట పోయడం, రెండు గుక్కలకే ఆయాసపడి రొమ్ము వదిలేయడం, నిద్రలో కూడా డొక్కలెగరేయడం, బరువు పెరగకపోవడం గుండె జబ్బుకు గుర్తులు కావచ్చు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేచిందో నిమిషంపాటు లెక్కపెట్టండి. ఈ వయసులో 50 లేదా అంతకు మించితే, లేదా పెదవులు నీలంగా మారితే, ఆలస్యం చేయకుండా వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అవసరమైతే ఎకో (గుండెను చూసే స్కానింగ్) పరీక్ష చేస్తారు.

తాగించాక అరగంట భుజాన నిలువుగా ఎత్తుకుని త్రేన్పు రానివ్వండి, పడుకోబెట్టేటప్పుడు మాత్రం వెల్లకిలానే.

ఇక ఆ చుక్కల సంగతి. కక్కులకు ఒకప్పుడు విరివిగా వాడిన సిసాప్రైడ్, గుండె లయను చెడగొడుతుందని తేలడంతో 2000లో అమెరికా మార్కెట్ నుంచి తొలగిపోయింది. వాంతుల చుక్కల్లో తరచుగా ఉండే డొంపెరిడోన్ వాడకానికి కూడా అదే కారణంతో ఐరోపా 2014లో పరిమితులు పెట్టింది. పక్కింటి సీసాను డాక్టరుకు చూపించండి, ఆయన రాయనిదే ఒక్క చుక్క కూడా వేయకండి.