అమ్మలూ, ఆ స్టాంపుకి డబ్బు పంపే ముందు

అమలాపురం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో, గాంధీగారి 10 రూపాయల స్టాంపు మీద ‘సర్వీస్’ అని నల్లగా కొట్టి ఉన్నది, చూశాను. అమ్మేవాడు అడిగిన 50 వేలు పంపొద్దు. ఎందుకు వద్దంటున్నానో ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. పోస్టాఫీసు కౌంటర్ వెనక ఉద్యోగమంతా గడిపి రిటైరైనవాణ్ణి. స్టాంపుల కథలంటే నాకూ ప్రాణమే. ఆ కథల్ని అడ్డుపెట్టుకుని నీ డబ్బు ఎవరో పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేను.

ఆ స్టాంపు కథ నిజమే. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండిన రోజు, 1948 ఆగస్టు 15న, గాంధీగారి బొమ్మతో నాలుగు స్టాంపులు వచ్చాయి: అణాన్నర, మూడున్నర అణాలు, 12 అణాలు, 10 రూపాయలు. అప్పట్లో మన స్టాంపులు నాసిక్‌లో అచ్చయ్యేవి. ఈ నాలుగూ మాత్రం స్విట్జర్లాండ్‌లో అచ్చయి వచ్చాయి. ‘బాపు’ అని హిందీలోనూ ఉర్దూలోనూ ఉంటుంది వాటి మీద. అందులో వంద సెట్ల మీద మాత్రం గవర్నర్ జనరల్ ఆఫీసు వాడకానికని ‘సర్వీస్’ అనే ఇంగ్లీషు మాట అదనంగా కొట్టారు. అప్పుడు ఆ పదవిలో ఉన్నది రాజాజీ. ఆ వందలో బయట స్టాంపులు సేకరించేవాళ్ల దగ్గరికి చేరినవి చాలా కొద్ది. సర్వీస్ ముద్ర ఉన్న 10 రూపాయల స్టాంపులు నాలుగు విడదీయకుండా ఉన్న ముక్క 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడైంది.

ఇప్పుడు నువ్వే ఆలోచించు. అంత విలువైనది 50 వేలకి ఎందుకు ఇస్తాడు? అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. గాంధీగారి బొమ్మని స్విట్జర్లాండ్ వాళ్లలా అచ్చు వెయ్యడం దొంగకి కష్టం. కానీ మామూలు 10 రూపాయల స్టాంపు ఒకటి కొని, దాని మీద ఒక్క మాట నల్లగా కొట్టడం చిన్న ప్రెస్సున్న ఎవడికైనా చేతనవుతుంది. భూతద్దంతో ఎంత వెతికినా స్టాంపు అసలుదే అనిపిస్తుంది, ఎందుకంటే స్టాంపు అసలుదే. మాట ఒక్కటే దొంగది. అందుకే ఇలాంటివి ఎవరి కలెక్షన్ నుంచి వచ్చాయి, ఏ వేలంలో అమ్మారు, లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ (స్టాంపులు సేకరించేవాళ్ల సంఘం) లాంటి చోట నిపుణులు చూసి ఇచ్చిన సర్టిఫికెట్ ఉందా అని అడగాలి. ‘మా తాతగారి పెట్టెలో దొరికింది’ అన్న జవాబుకి మార్కులు వెయ్యకు.

కాబట్టి నేను నీకు చెప్పదలుచుకున్నది ఇదీ: వింత స్టాంపు కనపడగానే దాని ధర అడక్కు, ఆ వింత ఎలా పుట్టిందో అడుగు. అచ్చు వేసే పని తెలిసినవాడిని మోసం చెయ్యడం కష్టం.

తలకిందుల బొమ్మ ఎలా పుడుతుందో చూడు. 1854లో కలకత్తా సర్వేయర్ జనరల్ ఆఫీసులో కెప్టెన్ తులియర్ ఆధ్వర్యంలో, దేశమంతటా చెల్లే మన మొదటి స్టాంపుల్ని రాతి మీద నుంచి అచ్చు తీశారు. 4 అణాల స్టాంపుకి రెండు రంగులు: చుట్టూ ఎర్ర చట్రం, మధ్యలో విక్టోరియా రాణి తల నీలంలో. ఎరుపు ఒకసారి, నీలం ఇంకోసారి, ఒకే కాగితం ప్రెస్సు కిందకి రెండుసార్లు వెళ్లాలి. రెండోసారి పెట్టేటప్పుడు ఎవరో కాగితాన్ని అటుదిటు తిప్పి పెట్టారు, రాణిగారి తల కిందకి వచ్చేసింది. అప్పట్లో ఎవరి కంటా పడకుండా ఆ స్టాంపులు ఉత్తరాల మీద ఊళ్లు తిరిగేశాయి. అది తెలిసింది ఎన్నో ఏళ్ల తర్వాత. ప్రపంచంలో తలకిందులైన మొట్టమొదటి స్టాంపుల్లో అది ఒకటి. అమెరికాలో 1918లో వచ్చిన తలకిందుల విమానం స్టాంపుదీ ఇదే తంతు: ఎర్ర చట్రం ఒక అచ్చు, నీలం విమానం ఒక అచ్చు. విలియం రోబీ అనే ఆయన కౌంటర్లో 24 డాలర్లు ఇచ్చి వంద స్టాంపుల షీటు కొని, కొద్ది రోజుల్లోనే 15 వేల డాలర్లకు అమ్మాడు.

ఈ పని అర్థమైతే నీకొక పట్టు దొరుకుతుంది. ఒకే రంగులో, ఒకే అచ్చులో వచ్చిన స్టాంపులో లోపలి బొమ్మ ఒక్కటే తిరగబడదు. ఎవడైనా అలాంటిది చూపిస్తే, అది కత్తిరించి అతికించిందే.

రంగు మారిన వాటి దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు. 1855లో స్వీడన్‌లో 3 స్కిల్లింగ్‌ల స్టాంపు ఆకుపచ్చగా రావాలి, 8 స్కిల్లింగ్‌లది పసుపు. 8 స్కిల్లింగ్‌ల అచ్చులో పొరపాటున 3 స్కిల్లింగ్‌ల దిమ్మ ఒకటి చేరి, పసుపు రంగులో 3 స్కిల్లింగ్‌ల స్టాంపు పుట్టింది. 1886లో ఒక బడి కుర్రాడికి అమ్మమ్మ ఇంట్లో పాత కాగితాల్లో దొరికితే 7 క్రోనర్లకి అమ్మేశాడు. తెలిసినంతలో ఇప్పటికీ అది ఒక్కటే. ఈ కథ విన్నవాళ్లు తమ దగ్గరున్న ప్రతి వెలిసిన స్టాంపునీ అద్భుతం అనుకుంటారు. ఎండ, బ్లీచింగ్ లాంటివి రంగుని మార్చేస్తాయి. రంగు పోయిన స్టాంపుకి కథ ఉండదు.

కథలోనూ దొంగవి ఉంటాయి సుమా. 1847లో మారిషస్‌లో వచ్చిన స్టాంపుల మీద ‘పోస్ట్ ఆఫీస్’ అని ఉంటుంది. చెక్కినవాడు ‘పోస్ట్ పెయిడ్’ అని చెక్కాల్సింది మర్చిపోయి, పోస్టాఫీసు బోర్డు చూసి అలా చెక్కాడని తరతరాలుగా చెప్పుకున్నారు. తర్వాత రికార్డులు వెతికినవాళ్లకి అందుకు ఆధారం దొరకలేదు. ఆ మాట కావాలనే వేశారు. వాటిలో కొన్నిటిని గవర్నర్ భార్య లేడీ గామ్ ఇచ్చిన డాన్సు పార్టీకి ఆహ్వానాల మీద అంటించారన్నది మాత్రం గట్టి కథ, ఆ కవర్లే సాక్ష్యం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బ్రిటిష్ గయానా ఒక సెంటు స్టాంపు. 1856లో లండన్ నుంచి స్టాంపులు తెచ్చే ఓడ టైముకి రాలేదు. అక్కడి పోస్ట్‌మాస్టర్, ఊళ్లో గెజెట్ అచ్చు వేసే ప్రెస్సు వాళ్లని బతిమాలి, ముదురు గులాబీ కాగితం మీద నల్ల సిరాతో స్టాంపులు వేయించాడు. వచ్చినవి చూస్తే నాసిగా ఉన్నాయి. దొంగవి దిగుతాయని భయపడి, ప్రతి స్టాంపు మీదా గుమాస్తా తన పొడి అక్షరాలు రాసి ఇవ్వాలన్నాడు. కౌంటర్లో పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఆ పోస్ట్‌మాస్టర్ టెన్షన్ నాకు బాగా అర్థమవుతుంది. జనం లైన్లో నిలబడి ఉంటారు, స్టాకు రాలేదు, ఏదో ఒకటి చేసి ఉత్తరం పంపాలి. ఆ స్టాంపుల్లో ఒకటి 1873లో 12 ఏళ్ల కుర్రాడి చేతికొచ్చింది. 6 షిల్లింగులకి అమ్మాడు. 2014లో అదే స్టాంపు దాదాపు 95 లక్షల డాలర్లు పలికింది. మూలలు కోసేసి, మసకబారి, అందమన్నది లేని ముక్క అది.

వాడకంలో పుట్టిన వింత వేరు, అమ్మకానికి పుట్టించిన వింత వేరు. 1970ల మొదట్లో భూటాన్ స్టాంపుల్ని చిన్న గ్రామఫోన్ రికార్డులుగా చేసింది. ప్లేయర్ మీద పెడితే జాతీయ గీతం పాడుతుంది! బర్ట్ టాడ్ అనే అమెరికన్ ఆలోచన అది, దేశానికి విదేశీ డబ్బు కోసం. మన తపాలా శాఖ కూడా 2006లో గంధం వాసన వచ్చే స్టాంపు తెచ్చింది, 2011లో ఖాదీ గుడ్డ మీద గాంధీగారిది. ఇవి సరదాగా ఉంటాయి, తప్పకుండా కొనుక్కో. హెడ్ పోస్టాఫీసులో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్తవి ముఖవిలువకే ఇంటికొస్తాయి. కానీ పదేళ్లలో లక్షలవుతాయని మాత్రం అనుకోకు.

ఇక నీ దగ్గర ఉన్న అసలు సంగతికి వస్తాను. యానాంలో ఉన్న మీ నాన్నమ్మగారి పుట్టింటి నుంచి పాత ఉత్తరాల ట్రంకు పెట్టె వచ్చిందని, అందులోంచి స్టాంపులు కోసి ఆల్బంలో పెడతానని రాశావు. కత్తెర పక్కన పెట్టు తల్లీ. 1954 దాకా యానాం ఫ్రెంచి వాళ్ల చేతుల్లో ఉంది. యానాంలో ఫ్రెంచి స్టాంపు, గోదావరి అవతల ఒడ్డున బ్రిటిష్ ఇండియా స్టాంపు, 1947 తర్వాత మన దేశానిది. 1892 నుంచి ఫ్రెంచి ఇండియాకి దాని పేరుతోనే వేరే స్టాంపులు వచ్చాయి. 1923లో ఫ్రాంకులు పోయి ఫనాలు, కాసుల లెక్క వచ్చింది: 24 కాసులు ఒక ఫనం, 8 ఫనాలు ఒక రూపాయి. ఉన్న స్టాంపుల మీదే కొత్త విలువ కొట్టి అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రెంచి ఇండియా, జర్మనీకి లొంగని జనరల్ డీగాల్ పక్షాన నిలిచి, 1941లో పాత స్టాంపుల మీద ‘ఫ్రాన్స్ లిబ్రె’ (స్వేచ్ఛా ఫ్రాన్స్) అని కొట్టింది.

ఈ స్టాంపులు పుదుచ్చేరిలో వాడినా, కారైకాల్‌లో వాడినా ఒకటే. అది మన గోదావరి ఒడ్డున అంటించిందని చెప్పేది దాని మీద పడిన ముద్ర ఒక్కటే. ‘యనావోఁ’ అన్న ఫ్రెంచి పేరు, తేదీ ఆ ముద్రలో ఉంటాయి. చిన్న ఊరు, తక్కువ ఉత్తరాలు, అందుకే ఆ ముద్రలు అంత సులువుగా దొరకవు. సగం ముద్ర స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుంది. కోశావంటే ముద్ర రెండు ముక్కలై, ఏ ఊరో ఎవరూ చెప్పలేరు. కవరు వెనక కూడా చూడు, చేరిన ఊరి ముద్ర అక్కడుంటుంది. యానాంలో బయల్దేరి కాకినాడకో రాజమండ్రికో చేరిన కవరైతే రెండు ప్రభుత్వాల ముద్రలూ ఒకే కాగితం మీద ఉంటాయి. లోపలి ఉత్తరం కూడా అందులోనే ఉంచు.

వాటితో పాటు నిజాం స్టాంపులు కూడా కొన్ని చేర్చు. ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీల పక్కన తెలుగు అక్షరాలుంటాయి. మన జిల్లాలు నిజాం కింద లేవు కాబట్టి ఇక్కడ పాత పెట్టెల్లో అరుదుగా కనిపిస్తాయి, కానీ చార్మినార్ బొమ్మ ఉన్న మామూలువి బజార్లో చవకే. 1974లో వచ్చిన వీరేశలింగంగారి స్టాంపు, 1982 నాటి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారిది ఒక కప్పు టీ ఖర్చుతో దొరుకుతాయి. రాజమండ్రి వాళ్లవి మన దగ్గర లేకపోతే ఎలా?

మన డెల్టా గాలి స్టాంపులకి శత్రువు. శ్రావణం నుంచి కార్తీకం దాకా ఆల్బం పేజీలు చెమ్మగిల్లి, గమ్ము ఉన్న స్టాంపులు పేజీకి అతుక్కుంటాయి, గోధుమ రంగు మచ్చలు దిగుతాయి. ఇనప బీరువాలో గోడకి ఆనించి పెట్టకు. ఆల్బం నిలువుగా నిలబెట్టు, పక్కన సిలికా జెల్ పొట్లాలు వెయ్యి, సంక్రాంతి వెళ్లిన పొడి రోజుల్లో నీడలో పేజీలు తిప్పి గాలాడనివ్వు. 1986 వరదల్లో తడిసిన ఆల్బంలు ఎండలో ఆరబెట్టినవాళ్లవి వంకర్లు పోయాయి. అద్దుడు కాగితాల మధ్య పెట్టి బరువు పెట్టినవాళ్లవి నిలిచాయి. ఫెవికాల్, సెల్లోటేపు దగ్గరికి రానివ్వకు. వేళ్లతో కాకుండా పట్టకారుతో తియ్యి, దాని కొన మొద్దుగా ఉండాలి.

ఆ ట్రంకులో ఉత్తరాలు తేదీల వరసన పెట్టు. తేదీ కనపడకపోతే కవరు మీద ఏమీ రాయకు, విడి చీటీ మీద రాసి లోపల పెట్టు. ఎవరు ఎవరికి రాశారో మీ నాన్నమ్మగారిని ఇప్పుడే అడిగి నోటుబుక్కులో ఎక్కించుకో, ఆవిడకి గుర్తున్నంత వరకూ. దసరా సెలవుల్లో పెట్టె పట్టుకుని ఇక్కడికి వచ్చెయ్. ముద్రలు చదవడానికి నా దగ్గర మంచి భూతద్దం ఉంది, ఫ్రెంచి ఇండియా కేటలాగు కూడా తెప్పించి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య