టిగ్ వెల్డింగ్ స్పార్క్ బలహీనంగా ఉందా? బోర్డు మార్చే ముందు కేబుల్ చూడండి

మీ టిగ్ వెల్డింగ్ మెషీన్‌లో టార్చ్ స్విచ్ నొక్కితే హై ఫ్రీక్వెన్సీ (ఆర్క్‌ని అంటించే స్పార్క్) చప్పుడు వస్తోంది, ఆర్క్ మాత్రం టార్చ్‌లోని టంగ్‌స్టన్ కడ్డీ తాకిస్తేనే అందుకుంటోంది, మెకానిక్ మెషీన్ లోపలి బోర్డు పోయిందంటున్నాడు అని రాశారు. దయచేసి అప్పుడే బోర్డు కొనకండి. చప్పుడు వస్తోందంటే లోపల స్పార్క్ ఎంతో కొంత పుడుతోంది. అది దారిలో ఎక్కడైనా కారిపోతోందేమో ముందు చూడాలి.

మాది రాయగడలో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు, స్టీల్ రెయిలింగులు ఎక్కువ చేస్తాం. పోయిన వానాకాలం నాకూ ఇదే బాధ. పొద్దున అస్సలు అంటుకునేది కాదు, మధ్యాహ్నం ఎండ కాస్తే కాస్త నయం. టంగ్‌స్టన్ మార్చాను, ఆర్గాన్ సిలిండర్ మార్చాను, నాలుగు రోజుల పని పోయింది. చివరికి ఒక రాత్రి షట్టరు దించి, లైట్లన్నీ ఆపి స్విచ్ నొక్కాం. టంగ్‌స్టన్ కొన దగ్గర ఏమీ లేదు. టార్చ్ కేబుల్ ఇనుప ర్యాక్ కాలికి ఆనుకున్నచోట వెంట్రుకంత నీలం మెరుపు చిటపటమంటోంది! గ్రైండర్ రవ్వలు పడి అక్కడ తొడుగు బీటలిచ్చింది, అందులో చెమ్మ చేరింది. వేల వోల్టుల స్పార్క్‌కి ఆ బీట చాలు. కేబుల్ మార్చి చెక్క మేకులకు వేలాడదీశాక, మర్నాడు పొద్దున్నే రెండు మిల్లీమీటర్ల దూరం నుంచి ఆర్క్ పట్టుకుంది.

మీరూ అలా చీకట్లో చూడండి. కాళ్లకు పొడి బూట్లు ఉండాలి, కేబుల్‌ని చేత్తో పట్టుకోవద్దు. ఎర్త్ క్లాంప్ రంగు, తుప్పు లేని చోట బిగించండి. 40 ఆంపియర్ల పల్చటి పనికి 2.4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ వాడుతుంటే 1.6కి మారండి, లావు కొన త్వరగా వేడెక్కదు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు స్పార్క్ గ్యాప్, అంటే మెషీన్ లోపల స్పార్క్ పుట్టే రెండు పాయింట్ల మధ్య సందు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లు చాలావాటిలో అది దాదాపు 0.2 మిల్లీమీటర్లు. మీ మెషీన్ పుస్తకంలో ఉన్న కొలతే పెట్టండి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు). పాయింట్లు అరిగితే సందు పెరుగుతుంది, స్పార్క్ తడబడుతుంది, అప్పుడు రెండూ కలిపి మార్చాలి. స్పార్క్ పెద్దదవుతుందని సందు పెంచితే ఆ భారం కెపాసిటర్ మీద పడుతుంది. ప్లగ్ పీకినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, ప్రాణానికే ముప్పు. దాన్ని డిశ్చార్జ్ చేయడం తెలియకపోతే మూత విప్పకండి. ఆ మెకానిక్‌నే పిలిచి, ఫీలర్ గేజ్ పెట్టి కొలిచి చూపించమనండి.