జీడిమామిడి పూతపై మబ్బు, ముసురు ప్రభావం

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. మూడెకరాల అంటు జీడితోటలో పూత బాగా వచ్చింది. సంక్రాంతి తర్వాత వారం రోజులు మబ్బు పట్టి ముసురు కురిసింది. పూగుత్తులు నల్లబడి మాడిపోతున్నాయి, పిందె నిలవడం లేదు. ఏం చేయాలి? – ఒక రైతు

జవాబు: జీడిమామిడి పూగుత్తిలో అధిక భాగం మగపూలే ఉంటాయి, పిందెకట్టేది కొద్దిపాటి ద్విలింగ పూలు (ఆడ, మగ భాగాలు రెండూ ఉన్నవి) మాత్రమే. పుప్పొడి జిగటగా ఉండడం వల్ల అది గాలికి ఎగరదు, తేనెటీగలు, ఈగలు, చీమలే దానిని మోసుకుపోవాలి. ద్విలింగ పూలు విచ్చే రోజుల్లో ముసురు పడితే కీటకాలు తిరగవు, పుప్పొడి తడిసి పనికిరాకుండా పోతుంది. అందువల్ల గుత్తి పచ్చగానే ఉన్నా పిందె రాదు.

అయితే మీ తోటలో గుత్తులు నల్లబడ్డాయంటే నష్టం అంతటితో ఆగలేదని అర్థం. మబ్బు వాతావరణంలో టీ దోమ (పేరుకు దోమే గాని, నల్లి జాతి పురుగు) ఉధృతి పెరుగుతుంది. ఇది లేత కొమ్మలు, పూకాడలు, పిందెల రసం పీలుస్తుంది. పీల్చినచోట నల్లని పొడవాటి మచ్చలు ఏర్పడి జిగురు కారుతుంది, ఆ గాయాల గుండా శిలీంధ్రాలు ప్రవేశించి గుత్తిని మాడ్చివేస్తాయి. కనుక మందు కొనే ముందు, ఉదయం చల్లటి వేళలో పది చెట్ల గుత్తులను పరిశీలించండి. పొడవాటి కాళ్లు, మీసాలు గల ఎర్రటి పిల్లపురుగులు కనిపిస్తే లీటరు నీటికి 0.6 మి.లీ. లామ్డా సైహలోత్రిన్ 5 శాతం మందును, మచ్చలు వ్యాపిస్తుంటే 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ శిలీంధ్రనాశినిని పిచికారీ చేయండి. వీటిని విడివిడిగా, వాన లేని సాయంత్రమే వాడండి. ద్విలింగ పూలు ఉదయం పూట విచ్చుకుంటాయి. ఆ వేళ మందు కొడితే తేనెటీగలు చచ్చి, మిగిలిన పూత కూడా వృథా అవుతుంది. ఇది చాలా తోటల్లో జరుగుతున్న నష్టం, దయచేసి దీనిని తేలికగా తీసుకోవద్దు.

జీడి చెట్టు ఒకేసారి పూయదు కాబట్టి ఆలస్యంగా వచ్చే గుత్తులపై ఆశ వదులుకోనక్కరలేదు. నీటి వసతి ఉంటే మార్చి వరకు 15 రోజులకోసారి చెట్టుకు 200 లీటర్ల నీరు ఇస్తే, ఎండలు ముదిరినప్పుడు పిందె రాలడం తగ్గుతుంది. కోత పూర్తయ్యాక ఎండుకొమ్మలు కత్తిరించి తగులబెట్టండి. వచ్చే ఏడాది టీ దోమకు మొదటి పిచికారీని పూత కోసం ఆగకుండా కొత్త చిగురు దశలోనే చేయండి. పురుగు పక్క తోటల నుంచి తిరిగి వస్తుంది గనుక, చుట్టుపక్కల రైతులందరూ అవే రోజుల్లో చేస్తేనే ఫలితం నిలుస్తుంది.